కారంచేడు మీదుగా బీచికి

శనివారం మధ్యాహ్నం ఆఫీసు అవగానే కారు తీస్తారు. గుంటూరు, చిలకలూరిపేట, పర్చూరు, కారంచేడు, చీరాల. ఆపైన ఓడరేవు. రిసార్టులో గది ముందే బుక్కయి ఉంటుంది. వంజరం వేపుడుకి దారిలోనే ఫోను. రోడ్డు బాగుపడిందని మెచ్చుకుంటారు కూడా.

కారంచేడు బోర్డు కనపడిందా?

కనపడే ఉంటుంది. కారు వేగం తగ్గించారా? వెనక సీట్లో సెల్లు చూసుకుంటున్న పిల్లలకి ఈ ఊళ్లో ఏం జరిగిందో చెప్పారా? అసలు మీకు తెలుసా?

రైల్లో వచ్చేవాళ్లు తప్పించుకున్నామని అనుకోకండి. తెనాలి దాటగానే చుండూరు స్టేషను. బాపట్ల దాటాక స్టువర్టుపురం. ఇటు రోడ్డున వచ్చినా, అటు రైల్లో వచ్చినా, ఈ సముద్రం దగ్గరికి ఆ ఊళ్లు దాటకుండా రాలేరు. దాటుకుంటూనే వస్తున్నారు. ఏళ్ల తరబడి.

తెలియదంటారా? సరే, చెబుతాను వినండి.

1985 జూలై 16. కారంచేడు మాదిగపల్లె వాళ్లు మంచినీళ్లు ముంచుకునే చెరువు. గేదెకి కుడితి పెట్టిన బకెట్టు తెచ్చి, ఊళ్లోవాళ్ల కుర్రాడు ఆ రేవులోనే కడుగుతున్నాడు. ఆ మురికి తాగే నీళ్లలో కలుస్తోంది. పల్లె కుర్రాడొకడు ఇదేం పని అన్నాడు. అన్నందుకు అతని మీద చెయ్యి లేచింది. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త అక్కడే ఉంది. చేతిలో బిందె ఉంది. దెబ్బ కాచుకోవడానికి ఆ బిందె ఎత్తింది.

బిందె ఎత్తింది. అంతే.

మర్నాడు, జూలై 17న, కర్రలు, గొడ్డళ్లు, బరిసెలు పట్టుకుని గుంపులు పల్లె మీద పడ్డాయి. చేలకడ్డంపడి పరిగెత్తిన వాళ్లని వెంటాడి నరికారు. ఆరుగురు చనిపోయారు. ఆడపిల్లల మీద అత్యాచారాలు జరిగాయి. మిగిలినవాళ్లు కట్టుబట్టలతో చీరాల చేరి చర్చి ఆవరణలో పడ్డారు. అప్పటి ముఖ్యమంత్రి వియ్యంకుడి ఊరది. దిక్కూమొక్కూ లేని అడవి కాదు. ఫోనెత్తితే రాజధాని పలికే ఊరు.

రాజ్యాంగం 15వ అధికరణం తీసి చూడండి. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని ఒక్కొక్కటీ పేరు పెట్టి మరీ రాశారు. కులం పేరుతో ఎవరినీ వీటి దగ్గర అడ్డుకోకూడదని. ఎందుకంత వివరంగా రాశారో ఎప్పుడైనా ఆలోచించారా? రాసినవాళ్లకి మనం తెలుసు గనక. 1927లో మహద్‌లో అంబేద్కర్ చౌదార్ చెరువు నీళ్లు దోసిట్లోకి తీసుకున్నాడు. ఆ తర్వాత 58 ఏళ్లకి, రాజ్యాంగం వచ్చిన 35 ఏళ్లకి, చీరాల పక్కన ఒక చెరువు రేవులో ఇది జరిగింది.

కోర్టు? కోర్టు ఉంది. కింది కోర్టు 1994లో శిక్షలు వేసింది. హైకోర్టు కొట్టేసింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ల జైలు ఖాయం చేసింది.

1985 నుంచి 2008. మొత్తం 23 ఏళ్లు.

ఆ రోజు తల్లి చంకలో ఉన్న పిల్ల, ఆ తీర్పు నాటికి తనే ఒక బిడ్డకి తల్లై ఉంటుంది. మీ పొలం గట్టు తగాదా అన్నేళ్లు సాగితే మీరు ఊరుకుంటారా? ఎన్ని ఫోన్లు చేసి ఉండేవారు? ఎంతమంది ఎమ్మెల్యేల గుమ్మాలు ఎక్కి దిగి ఉండేవారు?

ఇక చుండూరు.

1991లో సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో ఉన్నవాడికి తగిలింది. మళ్లీ చదవండి. కాలు తగిలింది. దాని మీద గొడవ, గొడవ మీద సాంఘిక బహిష్కరణ, కూలి పనులు బంద్. ఆగస్టు 6న పొలాల్లో వేటాడి ఎనిమిది మందిని చంపారు. శవాలని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. పోలీసులు ఊళ్లో ఉండగానే జరిగింది ఇదంతా. శవాలు దొరికాక పల్లెవాళ్లు వాటిని ఎక్కడో మూలకి తీసుకెళ్లలేదు. ఊరి నడిబొడ్డున పూడ్చారు. రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. అటుగా వెళ్లేవాడెవడూ మర్చిపోకూడదని.

మనం మర్చిపోయాం. రక్తక్షేత్రం పక్క నుంచే బండి మీద వెళుతూ మర్చిపోయాం.

చుండూరు వాళ్లు ఒకటి సాధించారు. నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. దేశంలో అలాంటిది అదే మొదటిసారి. కూలి మానుకుని జిల్లా కేంద్రానికి సాక్షులు తిరగడం కాదు, జడ్జిగారే ఊరికి రావాలన్నారు. వచ్చారు. బొజ్జా తారకం లాంటి న్యాయవాదులు వెన్నుదన్నుగా నిలబడ్డారు. 2007 జూలై 31న తీర్పు. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. పదహారేళ్లు పట్టింది, అయినా వచ్చింది.

2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. నేరం రుజువు కాలేదంది.

ఎనిమిది శవాలు. గోనెసంచులు. రుజువు కాలేదు.

మరి ఎవరు చంపారు సార్? వాళ్లకి వాళ్లే సంచుల్లో దూరి మూతి కుట్టుకున్నారా? సుప్రీంకోర్టుకి అప్పీలు వెళ్లింది. ఆ వార్త ఆ రోజు మీరు చదివారా? ఏ పేజీలో వచ్చిందో గుర్తుందా? ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర మీరు దేని గురించి మాట్లాడుకున్నారో నాకు తెలుసు. రాష్ట్రం విడిపోతోంది. ఎన్నికలు. ఎవరికి ఎన్ని సీట్లు. ఎవరి పందెం ఎంత.

నా కోపం చంపినవాళ్ల మీద కాదు. వాళ్ల సంగతి చూడటానికి, కుంటుకుంటూనైనా, ఒక కోర్టుంది. మీ సంగతి చూసే కోర్టు ఏది?

చీరాల-పేరాల గురించి అడగండి, గుక్క తిప్పుకోకుండా చెబుతారు. 1921లో పన్నులు కట్టలేం అని జనం ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట నడిచి, రామ్‌నగర్‌లో పాకలు వేసుకుని దాదాపు 11 నెలలు ఉన్నారు. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఉంది. మార్కుల ప్రశ్న. గర్వపడాల్సిన చరిత్రే, కాదనను. మరి 64 ఏళ్ల తర్వాత అదే చీరాలకి, ఊరు వదిలి, పిల్లల్ని చంకనేసుకుని జనం వచ్చారే. చర్చి ఆవరణలో పడుకున్నారే. చంపినవాళ్ల మధ్య మళ్లీ బతకం అని తేల్చి చెప్పి, చీరాలలోనే కాలనీ కట్టుకుని ఉండిపోయారే. ఆ శిబిరం నుంచే కత్తి పద్మారావు, బొజ్జా తారకం ముందు నడవగా దళిత మహాసభ పుట్టిందే. అది ఏ పుస్తకంలో ఉంది? ఎన్ని మార్కుల ప్రశ్న?

తెల్లవాడి పన్నుకి ఊరు వదిలితే స్వాతంత్ర్య పోరాటం. మన గొడ్డలికి ఊరు వదిలితే కుల గొడవ. అంతేనా?

స్టువర్టుపురం వచ్చినప్పుడు రైల్లో ఏమంటారో నేను చెప్పనక్కర్లేదు. “సామాన్లు జాగ్రత్త” అని నవ్వుతారు. బ్రిటిష్ వాడు ఎరుకల వాళ్లని పుట్టుకతోనే నేరస్థులని చట్టంలో రాసి, తెచ్చి ఇక్కడ పడేశాడు. ఆ చట్టం 1952లో రద్దయింది. చట్టం పోయింది, ఆ జోకు మాత్రం ఇప్పటికీ ప్రతి బోగీలో టిక్కెట్టు లేకుండా ప్రయాణం చేస్తోంది.

“అదంతా పాతకాలం అండీ. ఇప్పుడెక్కడుంది కులం?”

ఈ మాట అనేవాళ్లని ఒక్కటే అడుగుతాను. 2020 మే నెలలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు పెట్టిన వీడియో చూశారుగా? చూసి స్టేటస్ పెట్టారుగా? ఫొటో స్థానంలో నల్లరంగు వేసుకున్నారుగా? బాగుంది. మరి రెండు నెలలు తిరక్కుండా, జూలైలో, చీరాలలో మాస్కు పెట్టుకోలేదని పోలీసులు ఆపిన దళిత యువకుడు తలకి గాయాలై గుంటూరు ఆసుపత్రిలో చనిపోయాడు. పోలీసులు కొట్టారని ఇంట్లోవాళ్లన్నారు. జీపులోంచి దూకాడని పోలీసులన్నారు. అదే నెలలో తూర్పుగోదావరి సీతానగరం పోలీస్ స్టేషన్లో ఒక దళిత యువకుడికి గుండు కొట్టించారు. స్టేషన్లో! చట్టం కాపలా కాసే చోట!

అప్పుడు మీ స్టేటస్ ఏ రంగులో ఉంది?

మినియాపొలిస్ దూరమా, చీరాల దూరమా?

మీ అబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడు. తెల్లవాడు తక్కువ చేసి చూస్తే ఫిర్యాదు చేస్తాడు. చెయ్యాలి. 1964లో అక్కడి నల్లవాళ్లు నెత్తురోడ్చి తెచ్చుకున్న పౌరహక్కుల చట్టం అతన్ని కూడా కాపాడుతోంది. కానీ 2023లో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధిస్తే, కాలిఫోర్నియాలో అలాంటి బిల్లే వస్తే, అడ్డం పడినవాళ్లలో మన దేశం వాళ్లు ఎందుకున్నారు? అక్కడ కులమే లేకపోతే నిషేధిస్తే నష్టం ఏమిటి? కాలిఫోర్నియా బిల్లు గవర్నరు సంతకం కాకుండా తిరిగిపోయింది. మీకు ఊరట కలిగిందా? నిజం చెప్పండి.

“మేమేం చేశామండీ? మా ఇంట్లో పనిచేసే ఆవిణ్ణి సొంత మనిషిలా చూసుకుంటాం.”

చూసుకుంటారు. మిరపకోతల రోజుల్లో మీ చేలోకి తెల్లారకముందే ఆటోలో పదిహేను మంది ఆడవాళ్లు ఇరుక్కుని వస్తారు. ఆవిడా వాళ్లలో ఉంటుంది. కాయ కోసేది ఆమె. కళ్లంలో ఎండబోసేది ఆమె. ఘాటుకి కళ్లు మండుతుంటే చీర కొంగు ముక్కుకి కట్టుకుని తాలుకాయ ఏరేది ఆమె. ఆమె చెయ్యి తగిలిన ప్రతి కాయా గుంటూరు యార్డుకి వెళుతుంది, మీ కూరలోకీ వస్తుంది. అప్పుడు లేని మైల, దాహమేసి ఆమె మీ గుమ్మం దగ్గరికి వస్తే ఎక్కణ్ణించి ఊడిపడుతుంది? చెంబు ఎందుకు ఎత్తి పట్టుకుని పోస్తారు? ఆమె దోసిలి మీ గ్లాసుకి ఎందుకంత దూరం?

సొంత మనిషా? ఆమె ఇంటి పేరు చెప్పండి చూద్దాం.

ఇంకా కులం ఎక్కడుందంటారా, వినండి, మధ్యలో ఆపకండి: చచ్చిన మనిషిని పూడ్చడానికి దారి లేక పాడెని చేల గట్ల మీద తూలుతూ మోసుకెళ్లడం, ఆ దారి కోసం స్పందన అని, గ్రీవెన్స్ అని ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మార్చుకునే ఆ సోమవారం బల్ల ముందు ఏళ్ల తరబడి అదే అర్జీ పట్టుకుని నిలబడటం, హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి పోయిందని సంబరపడితే ఊళ్లోవాళ్లకి స్టీలు గ్లాసు ఉంచి పల్లెవాళ్లకి మాత్రం పేపరు గ్లాసు అందించడం, అంబేద్కర్ విగ్రహం నలుగురూ తిరిగే చోట పెట్టుకుంటామన్నందుకు 2017లో గరగపర్రులో పల్లెనంతా వెలేసి పనులు ఆపేయడం, కౌలుకి పొలం అడిగితే వేరేవాళ్లకి మాటిచ్చామనడం, గుంటూరులో అద్దె ఇంటికి అడ్వాన్సు కట్టే వేళకి “ఇంతకీ మీరేవుట్లు?” అని అడిగి మర్నాటికి ఆ ఇల్లు మా బావమరిదికి కావాలట అనడం, మిర్యాలగూడలో కూతురు మనసుపడి పెళ్లాడిన కుర్రాణ్ణి ఆసుపత్రి గుమ్మంలో, కడుపుతో ఉన్న భార్య పక్కనుండగానే నరికించడం, గుంటూరు నుంచి చదువుకోడానికి హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి వెళ్లిన రోహిత్ వేముల 2016 జనవరిలో ప్రాణం తీసుకుంటే అతను ఎందుకు చనిపోయాడన్నది వదిలేసి అసలు దళితుడేనా అని చచ్చినవాడి కులం తవ్వడం, రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని డ్రైనేజీ గుంటలో దించకూడదని 2013లో చట్టం వచ్చినా తాడు కట్టి దించుతూనే ఉండటం, దెబ్బలు తిని స్టేషన్‌కి పోతే ముందు రాజీ పడమనడం, పడనంటే అవతలివాళ్ల చేత ఎదురు కేసు పెట్టించడం, అదీ కాకపోతే కులం సర్టిఫికెట్ తెచ్చుకురా అని తిప్పడం, సాక్షికి కూలి పని లేకుండా చెయ్యడం, ఇన్ని దాటుకుని కేసు కోర్టుకెళితే పదేళ్లకి సాక్షి ఒక తేదీ తడబడ్డాడని కొట్టేయడం, కొట్టేశాక మీలాంటి పెద్దమనుషులు వరండాలో కూర్చుని “ఈ అట్రాసిటీ చట్టాన్ని తెగ దుర్వినియోగం చేస్తున్నారండీ” అనడం.

దుర్వినియోగం! ఎంత సులువుగా వస్తుంది ఆ మాట!

వరకట్నం కేసుల్లో అబద్ధాలు లేవా? చెక్కు బౌన్సు కేసుల్లో లేవా? పొలం కాగితాల్లో దొంగ సంతకాలు మీ మండలంలో ఎన్నున్నాయో మీకు తెలియదా? వాటికోసం రిజిస్ట్రేషన్ చట్టం ఎత్తేయమన్నారా ఎవరైనా? ఒక్క ఈ చట్టం దగ్గరకొచ్చేసరికే అందరూ న్యాయమూర్తులైపోతారు. 2022 ఒక్క ఏడాదిలో దేశంలో ఎస్సీల మీద నేరాల కేసులు 57,582 నమోదయ్యాయని ప్రభుత్వ లెక్కే చెబుతోంది. నమోదైనవి. స్టేషన్ మెట్లెక్కి, రాజీ మాటలు దాటుకుని, కాగితం మీదికి ఎక్కినవి. ఎక్కనివి మీరే లెక్కేసుకోండి. మీ ఊరితో మొదలుపెట్టండి.

ఆ చట్టంలో ఏముందో మీరు చదివారా? చదవలేదు. తిట్టడానికి చదవనక్కర్లేదు కదా. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. అది రావడానికి కారంచేడు నెత్తురు కూడా ఒక కారణం. మన నేలే కారణం. డీఎస్పీకి తగ్గని అధికారి దర్యాప్తు చెయ్యాలి. 60 రోజుల్లో చార్జిషీటు పడాలి. చార్జిషీటు పడ్డాక సాధ్యమైనంతవరకు రెండు నెలల్లో విచారణ ముగియాలి. విధి నిర్వహణలో కావాలని అలసత్వం చేసిన అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ మూడు నెలలకోసారి కూర్చుని కేసులన్నీ చూడాలి.

రెండు నెలలు అని ఇప్పుడు చట్టంలో ఉంది. కారంచేడుకి 23 ఏళ్లు పట్టింది. చుండూరుకి కింది కోర్టు తీర్పు రావడానికే 16 ఏళ్లు.

అలసత్వానికి మీ జిల్లాలో ఒక్క అధికారైనా జైలుకెళ్లాడా? అడిగారా ఎప్పుడైనా? పల్లెవాళ్లు అడిగితే గొడవ చేస్తున్నారంటారు. ఊళ్లోవాళ్లు అడిగితే అధికారి లేచి నిలబడి కుర్చీ వేస్తాడు. ఆ తేడా మీకు తెలుసు. తెలిసే నోరు మూసుకుంటున్నారు. మీ మౌనం ఖరీదు ఎవరు కడుతున్నారో కూడా తెలుసు.

తలసరి నష్టపరిహారం లెక్క కూడా ఉంది నిబంధనల్లో. హత్యకి 8 లక్షల 25 వేలు. మీరు ఎక్కొచ్చిన కారు ధరకన్నా తక్కువ. అది కూడా ఎఫ్ఐఆర్ సరైన సెక్షన్లతో పడితేనే.

ఇంకొకటి ఉంది. ప్రతి నెలాఖరున, మామూలుగా 30న, మండలంలో ఏదో ఒక ఊళ్లో పౌరహక్కుల దినం జరపాలి. సివిల్ రైట్స్ డే. తహసీల్దారు, ఎస్సై వస్తారు. ఎస్సీ కాలనీలో షామియానా వేస్తారు. ముందు వరసలో అధికారులు, వెనక కాలనీ వాళ్లు. అంటరానితనం నేరం అని ఆ అధికారి చెబుతాడు. ఎవరికి చెబుతాడు? అది అనుభవించేవాళ్లకి! చేసేవాళ్లు ఒక్కరూ ఆ షామియానా కిందికి రారు. వాళ్లని ఎవరూ పిలవరు, పిలిచినా రారు. ఫొటో తీస్తారు, టీ ఇస్తారు, మినిట్స్ పుస్తకంలో సంతకాలు పెడతారు, జీపెక్కుతారు. మర్నాడు జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త.

చెంబు ఎత్తి పోసేవాడు లేని చోట అంటరానితనం మీద ఉపన్యాసం. ఇంతకన్నా వెటకారం ఉంటుందా?

కాబట్టి ఈసారి మీరు రండి. ఓడరేవు ఎక్కడికీ పోదు, ఆదివారం చూసుకోవచ్చు. మీ తహసీల్దారు ఆఫీసుకి ఫోన్ చేసి ఈ 30న ఏ ఊళ్లో పెడుతున్నారో కనుక్కోండి. మీ పక్కింటాయన్ని కూడా తీసుకురండి, చట్టం దుర్వినియోగమవుతోందని బాధపడే ఆయన్ని. వెనక వరసలో, కాలనీ వాళ్ల పక్కన కూర్చోండి. వాళ్లు తాగే గ్లాసుతోనే టీ తాగండి. ఉపన్యాసం అయ్యాక లేచి అడగండి: ఈ మండలంలో అట్రాసిటీ కేసులు ఎన్ని నడుస్తున్నాయి? ఎన్నేళ్లుగా? అరవై రోజుల్లో చార్జిషీటు ఎన్నిటిలో పడింది? జిల్లా కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది? శ్మశానం దారి అర్జీ ఎవరి బల్ల మీద ఉంది?

జవాబు చెప్పేదాకా కూర్చోకండి.